తుఫాను తప్పింది... ఎవరికి?

వైజాగ్ వాళ్ళెవరినైనా తుఫాను గురించి కదిపి చూడండి. "మనకి కొండలున్నాయి, డాల్ఫిన్స్ నోస్ అడ్డం ఉంది" అంటారు. లేదా "సింహాద్రి అప్పన్న ఉన్నాడు, మనకేటీ కాదు" అంటారు. చాలామంది రెండూ కలిపే చెప్తారు. అప్పన్న ఒక్కడే కాదు లెండి. హార్బర్ పక్కన మూడు కొండల మీద వెంకన్న గుడి, మేరీమాత చర్చి, ఇషాక్ మదీనా బాబా దర్గా ఉన్నాయి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారైతే నెత్తిన కప్పే లేకుండా ఎండకీ వానకీ అలాగే కూర్చుని ఉంటుంది. ఇంతమంది కాపలా ఉన్న ఊరికి భయమేంటి? నేనూ ఇవే మాటలు వింటూ పెరిగినవాణ్ణే.

కొండ సంగతి తొందరగా తేల్చేద్దాం. డాల్ఫిన్స్ నోస్ హార్బర్‌లోకి అలలు దూసుకు రాకుండా కాస్తుంది. 1933లో అక్కడ పోర్టు మొదలవడానికి అదీ ఒక కారణం. కానీ గాలిని ఆపడం దాని వల్ల కాదు. వందల కిలోమీటర్ల వెడల్పున తిరిగే సుడికి మన కొండ ఓ గులకరాయి.

అప్పన్న సంగతే అంత తేలిగ్గా తేలదు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ సరిగ్గా మా ఊరి మీదే తీరం దాటింది. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని పేపర్లో చదవడం వేరు, తలుపుకి మంచం అడ్డం పెట్టి నలుగురం దాని మీద కూర్చోవడం వేరు. మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయింది కదా అని వీధిలోకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అది తుఫాను కన్ను మాత్రమే. ఆ తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. మర్నాడు చూస్తే ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేదు, కైలాసగిరి మీద పచ్చదనం లేదు, వాతావరణ శాఖ రాడార్ కూడా దెబ్బతింది.

మరి అప్పన్న ఏమయ్యాడు? మా వీధిలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "ఆ బాబే లేకపోతే ఊరే ఉండేది కాదు" అన్నారు. తుఫాను రాకపోతే ఆయన ఆపాడు, వస్తే ఆయన తగ్గించాడు. మా ఫీల్డ్‌లో చెప్పాలంటే, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ట్రూ అనే చెప్పే ఫంక్షన్ అన్నమాట. దాన్ని టెస్ట్ చేసి లాభం లేదు. దీని మీద ఎవరితోనూ వాదించే ఓపిక నాకు లేదు, అవసరం కూడా లేదు. పైకప్పు ఎగిరిపోయిన మనిషికి ఏదో ఒక ఊతం కావాలి. అది అప్పన్న అయితే నాకేం నొప్పి?

నా ఇబ్బంది వేరే చోట ఉంది.

హుద్‌హుద్‌కి సరిగ్గా ఏడాది ముందు, 2013లో అదే అక్టోబర్ 12న, ఫైలిన్ వచ్చింది. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. వైజాగ్‌లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. ఈసారి పలాస దగ్గర. వైజాగ్‌కి సుమారు 170 కిలోమీటర్ల దూరం. మనవైపు తుఫాను సాధారణంగా వాయవ్యంగా కదులుతుంది, దానికి కుడివైపు, అంటే ఉత్తరం వైపు, గాలి ఎక్కువ. పలాస మనకి ఉత్తరాన ఉంది కాబట్టి మనం ఎడమవైపు పడ్డాం. అంతే లెక్క.

ఆ పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది. "అప్పన్నబాబు తిప్పీసాడ్రా, మనకేటీ అవలేదు" అంది. సాయంత్రానికి గుడికెళ్ళి పదకొండు కొబ్బరికాయలు కొడతానంది.

మా అమ్మ పుట్టింటిది ఉద్దానం. మందస వైపు. ఆ రోజంతా మావయ్య ఫోన్ కలవలేదు. మర్నాడూ కలవలేదు. మూడో రోజు ఎవరిదో ఫోన్ నుంచి ఆయనే చేశాడు. మనుషులందరూ బానే ఉన్నారు. చెట్లు లేవు. తాతయ్య నాటినవి, ఆయన నాన్న నాటినవి, కొబ్బరి, జీడి, పనస, అన్నీ ఒకే వైపుకి పడుకున్నాయట. ఉద్దానం అన్న పేరే ఉద్యానవనం నుంచి వచ్చింది. వరి పోతే వచ్చే ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు ఆగాలి. అప్పటిదాకా ఏం తినాలి? మావయ్య పెద్ద కొడుకు ఆ ఏడే చెన్నైలో పనికి వెళ్ళిపోయాడు.

సంక్రాంతికి మావయ్య పంపే కొబ్బరికాయల బస్తా ఆ ఏడు రాలేదు. అమ్మ మార్కెట్లో కొనుక్కొచ్చింది. అప్పన్న తిప్పాడన్న మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

తుఫాను దారి తప్పిందంటే నిజంగానే పోయింది అనుకోకండి. సముద్రంలోనే నీరసించిపోయేవి ఉంటాయి. 2021 డిసెంబర్‌లో జవాద్ అలాంటిదే. ఉత్తరాంధ్ర అంతా అలర్ట్, రైళ్ళు రద్దు, స్కూళ్ళకి సెలవులు. అది తీరానికి చేరకుండానే బలహీనపడి పూరీ వైపు తిరిగిపోయింది. దానికి దణ్ణం పెట్టుకోండి. కానీ ఎక్కువసార్లు జరిగేది అది కాదు. మన దగ్గర దాటలేదంటే ఇంకెక్కడో దాటుతుంది. అక్కడా గుడి ఉంటుంది. 2019 మే 3న ఫణి సాక్షాత్తూ జగన్నాథుడి పూరీ దగ్గరే దాటింది. పలాస వాళ్ళకి అరసవల్లి సూర్యనారాయణుడూ శ్రీకూర్మనాథుడూ జిల్లాలోనే ఉన్నారు. వాళ్ళు తక్కువ మొక్కారా?

ఫణికి ముందు ఒడిశాలో దాదాపు 12 లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. 1999లో అదే రాష్ట్రంలో దాదాపు పదివేల మంది పోయారు. ఫణికి వందలోపే. 1977లో మన దివిసీమ ఉప్పెనలోనూ పదివేల దాకా పోయారు. ఎవరి దేవుడూ మారలేదు. మారింది హెచ్చరిక, షెల్టర్, బస్సు, "లేవండమ్మా, పదండి" అని తలుపు కొట్టే వీఆర్ఓ. ఆయన తలుపు కొట్టినప్పుడు "మాకు అప్పన్న ఉన్నాడు, మేం రాం" అనేవాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. దణ్ణం పెట్టుకుని బస్సెక్కొచ్చు కదా!

మొన్న 2025 అక్టోబర్ 28న మొంథా వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని పక్క ట్యాబ్‌లో శాటిలైట్ బొమ్మ చూస్తున్నాను. వైజాగ్‌లో ఒకటే వాన. అమ్మ అప్పటికే ఫోన్లు చార్జింగ్ పెట్టి, బిందెలు నింపి, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో కట్టేసింది. దేవుడి దగ్గర దీపం కూడా పెట్టిందట. రాత్రి ఫోన్ చేసి, నరసాపురం దగ్గర దాటుతోంది, మనకి గాలి అంత ఉండదు, పడుకో అన్నాను.

"నరసాపురం అంటే కోనసీమ పక్కనే కదరా?"

అవునన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళవీ కొబ్బరి చెట్లే" అంది.