గండి పూడేదాకా

బి.ఏ.లో చరిత్ర చదివినందుకు నాకు మిగిలిన లాభం ఒక్కటే. చుట్టాల్లో ఎవరు ఏ కోట చూడ్డానికి బయల్దేరినా నన్ను వెంటబెట్టుకు పోతారు, జీతం లేని గైడు దొరుకుతుందని. ఆమధ్య సంక్రాంతి సెలవుల్లో అక్కావాళ్ళు గండికోట వెళ్దామన్నప్పుడూ అట్లాగే వెళ్ళాను. అక్క, బావ, ఇంటరు చదివే వాళ్ళ రెండో పిల్ల, నేను.

జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు పోతే కోట. దారంతా నా ఉపన్యాసమే. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటు గండి, ఆ గండి ఒడ్డున కట్టింది గనక గండికోట, ఏలినవాళ్ళు పెమ్మసానివారు అంటూ. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నాడో, నిద్రపోయాడో!

కోటలో ధాన్యాగారం, మసీదు, మాధవరాయస్వామి గోపురం చూసేసరికి ఎండ నెత్తికెక్కింది. పిల్ల తలనొప్పి అంది. బావకు అంతకు రెండేళ్ళ ముందు గుండెలో స్టెంటు వేశారు. రోజూ ఆస్పిరిన్ మింగుతాడు. ఆ డబ్బా నా సంచిలోనే ఉంది. "ఆస్పిరిన్ అంటే తలనొప్పి మాత్రేగా" అనుకుని రెండు తీసి పిల్ల చేతిలో పెట్టాను. పెట్టింది నేనే. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది.

మధ్యాహ్నం దాకా లోయ అంచున బండల మీద తిరిగాం. పేర్చి పెట్టినట్టుండే ఆ ఎర్రబండల మీద ఫోటో కోసం ఎక్కి, పిల్ల జారింది. మోకాలి కింద రెండంగుళాలు చీరుకుంది. పెద్ద గాయమేం కాదు. అక్క పైటచెంగుతో అదిమిపట్టింది. ఐదు నిమిషాలకు చెంగంతా తడిసింది. నా తువ్వాలు తడిసింది. సోడాలమ్మే ఆమె పరుగున వచ్చి గుప్పెడు పసుపు అద్దింది. పసుపు కూడా కారిపోయింది.

"గండి పడినట్ల కారతాండాదే తల్లీ!" అంది ఆమె.

అరగంటైనా ఆగలేదు. ఎట్లా జమ్మలమడుగు చేరామో నాకిప్పటికీ సరిగ్గా గుర్తులేదు. అక్కడొక డాక్టరమ్మ, చిన్నవయసే, కుట్లు వేసి గట్టిగా కట్టుకట్టి, ఏమేం మందులు మింగిందని అడిగింది. చెప్పాను. ఆవిడ నావైపు చూసిన చూపు మాత్రం బాగా గుర్తుంది. తర్వాత పిల్లను అడగడం మొదలుపెట్టింది. ముక్కులోంచి రక్తం కారుతుందా? పన్ను పీకినప్పుడు ఏమైంది? నెలసరి ఎన్నాళ్ళుంటుంది? బావ అక్కడే నిలబడి ఉన్నాడు. పిల్ల నా చెవిలో చెప్పింది: "తొమ్మిది రోజులు చిన్నమ్మా. రాత్రిపూట రెండుసార్లు లేవాల."

"మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ అంతేనమ్మా. మా అమ్మకూ అంతే. మాకు నెత్తురెక్కువ" అంది అక్క, అదేదో ఆస్తి అన్నట్టు.

నిజానికి అంతకుముందే ఒకచోట చూపించారు. పేరెందుకు లెండి. రక్తం పరీక్ష చేసి, ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉంది, వయసు పిల్లలకు ఇవన్నీ మామూలే అని ఇనుము మాత్రలు రాసి పంపేశారు. లెక్క బాగానే ఉంది మరి! కొన్ని ఇళ్ళల్లో మనుషులకేం కొదవుండదు, మంచం పట్టినవాళ్ళకు గ్లాసుడు మంచినీళ్ళిచ్చే చెయ్యి మాత్రం ఉండదు. ఎంతమంది ఉన్నారని కాదు, అవసరానికి అంటుకుని ఉంటారా అన్నది అడగాలి. డాక్టరమ్మ సరిగ్గా అదే చెప్పింది. "సంఖ్య కాదండీ, అవి అతుక్కుంటున్నాయో లేదో చూడాలి. వేలూరు తీసుకెళ్ళండి. కానీ పది రోజులాగి వెళ్ళండి."

ఎందుకంటారా? నా నిర్వాకమే. ఒకసారి ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ తన ఆయుష్షు ఉన్నన్నాళ్ళూ, అంటే ఏడు నుంచి పది రోజులు, సరిగా పనిచెయ్యదట. కొత్తవి పుట్టేదాకా పరీక్ష చేసినా లాభం లేదు.

నా నవలల్లో నాయకుల గుండెలకు ఎన్ని గాయాలు చేశానో లెక్కలేదు. నెత్తురు ఎట్లా ఆగుతుందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. ఆ పది రోజులూ కూర్చుని చదివాను. చెరువు కట్టకు గండి పడితే ఊరు ఊరంతా కంపా మట్టీ తట్టల్లో ఎత్తుకుని పరుగెత్తదూ? ప్లేట్‌లెట్లు అటువంటివి. పాఠ్యపుస్తకాల్లో రక్తఫలకికలంటారు. మిల్లీమీటరులో రెండు మూడు వేల వంతుల పరిమాణం. రక్తనాళం లోపలిగోడ బాగా వాడుక పడ్డ దోసె పెనంలాంటిది, దేన్నీ అంటుకోనివ్వదు. నాళం తెగి కింది పొర బయటపడిందో, వచ్చి అతుక్కుంటాయి. ఒకదాన్నొకటి పట్టుకుని గండి పూడుస్తాయి. కాకపోతే వేగంగా పారే నెత్తురులో వాటిని ఒడ్డుకు పట్టి ఆపడానికి ఒక బంక కావాలి. ఆ బంక ఒక ప్రోటీను.

ఈ అతుక్కోవడాన్ని కొలవాలని ఎంతమంది తిప్పలు పడ్డారో! 1882లో బిజ్జొజెరో అనే ఇటలీ ఆయన రక్తాన్ని దారప్పోగుల మీదుగా పారించి, ప్లేట్‌లెట్లు దారానికి ఎట్లా పట్టుకుంటాయో చూశాడు. నాకు బాగా నచ్చింది మాత్రం హెలెన్ పేలింగ్ రైట్. యుద్ధకాలంలో, 1941లో, ఆవిడ రక్తాన్ని గాజుపాత్రలో పోసి మెల్లగా తిప్పింది. తిప్పకముందు ఎన్ని, తిప్పాక ఎన్ని? తగ్గినవన్నీ గాజుకు అతుక్కున్నట్టే. పిండి కొలిచి సంకటి కెలికి, గిన్నెకు ఎంత అంటిందో చూసినట్టుంది కదూ! మర్నాటి ఏడు ఆవిడే బాలింతల రక్తాన్నీ ఆపరేషన్లయినవాళ్ళ రక్తాన్నీ అట్లా తిప్పి చూసి, ప్రసవం తర్వాత అంటుకునే గుణం పెరుగుతుందని రాసింది. తర్వాత 1960ల్లో సన్నటి గాజుపూసలు నింపిన గొట్టంలోంచి రక్తాన్ని పంపి లెక్కపెట్టారు.

వేలూరులో ఇప్పుడు గాజుపాత్రలూ లేవు, పూసలూ లేవు. లాబులో పనిచేసే అమ్మాయి మన ప్రొద్దుటూరు పిల్ల. మా పిల్ల బిక్కమొహం చూసి అన్నీ ఓపిగ్గా చెప్పింది. యంత్రంలో ఒక పల్చటి పొర, దానికి కంటికానని ఒక రంధ్రం. పొరకు కొల్లాజెన్ పూత, నాళం చిట్లినప్పుడు బయటపడే పదార్థమే. రక్తాన్ని ఆ రంధ్రంలోంచి వేగంగా పీలుస్తారు. ప్లేట్‌లెట్లు అతుక్కుని రంధ్రం మూసుకునేదాకా సెకండ్లు లెక్కపెడుతుంది యంత్రం. మామూలువాళ్ళకు రెండు మూడు నిమిషాల్లో మూసుకుపోతుంది. ఐదు నిమిషాలయితే యంత్రం విసిగి ఆగిపోతుంది.

నేను గోడగడియారం చూస్తూ కూర్చున్నాను. గండికోట గుర్తొచ్చింది, సోడాలమ్మే ఆమె గుర్తొచ్చింది. మా పిల్ల గండి 300 సెకండ్లకూ పూడలేదు.

ప్లేట్‌లెట్ల తప్పు కాదు, బంక తక్కువ. మిగతా పరీక్షల్లో అదే తేలింది. ఆ జబ్బుకు వాన్ విల్లెబ్రాండ్ అని పేరు. 1924లో ఫిన్లాండు దగ్గరి ఒలాండ్ దీవుల నుంచి ఐదేళ్ళ పిల్లను ఆ డాక్టరుగారి దగ్గరికి తెచ్చారట. 1926లో ఆయన దాన్ని గురించి రాశాడు. పాపం ఆ పిల్ల ఈడేరిన నాలుగో నెలసరిలో నెత్తురు ఆగక చనిపోయింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది మగవాళ్ళకూ వస్తుంది, తల్లి నుంచైనా తండ్రి నుంచైనా వస్తుంది. నెలనెలా పరీక్ష రాసేది మాత్రం ఆడవాళ్ళే.

మా అమ్మ చెల్లెలు మూడో కాన్పయ్యాక పురుడు వెళ్ళకుండానే పోయింది. దిష్టి అన్నారు, పచ్చిబాలింత గాలి అన్నారు. గర్భంతో ఉన్నప్పుడు పెరిగిన ఆ బంక కాన్పు తర్వాత మళ్ళీ తగ్గుతుందనీ, కొన్ని రోజులు పోయాక కూడా రక్తం పోవచ్చనీ వేలూరు డాక్టరు చెప్తుంటే, అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమెది అదే అని ఇప్పుడెవరు తేల్చగలరు?

ఏడు రోజులకు మించి పోతున్నా, గంట రెండు గంటలకోసారి గుడ్డ మార్చాల్సి వస్తున్నా, మీ ఇంట్లో కూడా "మాకంతే" అంటుంటే, ఒక్కసారి డాక్టరును అడగండి. నేను డాక్టర్ని కాను, కానీ అడిగితే పోయేదేముంది? మా పిల్లకు ఇప్పుడు ఆ రోజుల్లో వేసుకోవడానికి ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలిచ్చారు. తొమ్మిది రోజులు ఐదుకు దిగాయి. పన్ను పీకాలన్నా, ఆపరేషన్ అన్నా ముందే చెప్పమని ఒక కార్డు రాసిచ్చారు. అది కాలేజీ సంచిలో ఉంటుంది.

అక్కకూ నాకూ పరీక్ష చేశారు. అక్కకు ఉంది. నాకు లేదు. లేదు గనకనే కాబోలు, చిన్నప్పుడు అక్క నెలకు నాలుగు రోజులు బడి మానేసి పడుకుంటే వేషాలు అనేదాన్ని. అమ్మతో కూడా చెప్పేదాన్ని.

మా బావది మళ్ళీ ఇంకో తంటా. స్టెంటంటే నాళంలో పెట్టిన లోహపు జల్లెడ. దానికి ప్లేట్‌లెట్లు అతుక్కుంటే ప్రమాదం, అందుకే ఆస్పిరిన్. అబ్దుల్ కలాంగారూ, హైదరాబాదు డాక్టర్ సోమరాజుగారూ కలిసి 1990ల్లో తక్కువ ఖరీదు స్టెంటు చేయించారు, కలాం-రాజు స్టెంటని. తనకు వేసింది వేరేదైనా, బావ ఆ కథ తన సొంత ఘనతలా చెప్పుకుంటాడు. సరే, చెప్పుకోనీండి.

ఇప్పుడు వాళ్ళింట్లో వంటింటి అలమరలో రెండు డబ్బాలున్నాయి. ఒకటి అతుక్కోకుండా, ఇంకొకటి పూడిన గండి మళ్ళీ తెగకుండా. అక్క వాటిమీద ఎర్రసిరాతో ఇంతింత అక్షరాలతో "నాన్న", "పాప" అని రాసి అంటించింది. ఒకటి పై అరలో, ఒకటి కింది అరలో. నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా అక్క, "తలనొప్పొస్తే నన్నడుగు, నువ్వు మాత్రం ఆ అలమరా తెరవొద్దు" అంటుంది.