అప్పులను తుడిచివేసిన కథ

యంత్రములను ఛేదించు హ్యాకర్ల కథతో మిరపచేల నడుమ నివసించు గృహిణికేమి పని యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. అయినను అమెరికా టెలివిజనులో 2015 మొదలు 2019 వఱకు ప్రసారమైన "మిస్టర్ రోబాట్" అను ధారావాహికమును, దాని 45 భాగములను, నేను విడువక చూచితిని. దాని కర్త శామ్ ఎస్మాయిల్. నాయకుడైన ఎలియట్ పాత్రమునకుగాను రామీ మాలెక్ 2016లో ఎమ్మీ బహుమానము నందెను. ఇందలి హ్యాకర్లు మంత్రగాండ్రు కారు. మొదటి భాగముననే ఎలియట్ ఒకనికి ఫోను చేసి, బ్యాంకువాడనని నమ్మించి, పెంపుడు కుక్క పేరు మొదలగునవి యడిగి, వానినిబట్టి అతని రహస్యపదమును కనుగొన యత్నించును. మన యిండ్లకు వచ్చు మోసపు ఫోనులును ఇట్టివే గదా!

నన్ను అన్నిటికంటె నెక్కువగా పట్టి నిలిపినది ఇందలి అప్పుల కథ. ప్రజల యప్పులలో అధికభాగము ఈ-కార్ప్ అను మహాసంస్థ చేతిలో నుండును. ఎలియట్, అతని మిత్రులు ఆ లెక్కలను ఎవరును చదువలేని గూఢలిపిగా మార్చివేయ నిశ్చయింతురు. ప్రతులుండు టేపులను దాచిన భవనములో చల్లదనమును పోగొట్టి, వేడిచే వానిని చెఱుపవలెనని యుపాయము పన్నుదురు. కోల్డు స్టోరేజీలలో మిరపటిక్కీలను దాచుకొను గుంటూరు వారికి ఆ యుపాయమును వేఱొకరు బోధింపనక్కఱలేదు.

అప్పులు తుడిచిపెట్టుకొని పోవు ఘట్టమున నా కన్నులు చెమ్మగిల్లినవి. 1987-88లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిచేలను నాశనము చేసెను. మందుపై మందు కొట్టినను దోమ తఱుగలేదు. పంట పోయి, మందుల దుకాణములో ఖాతా మిగిలి, పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. పిదప ఆ లెక్కలకు బదులు చెప్పవలసివచ్చినది వారి భార్యలు. అట్టి యింటిలో ఒక్క రాత్రి కాగితములన్నియు మాయమైనయెడల ఎంత బాగుండెడిదో!

అయినను కర్త మనకంత సులభమైన యానందము నీయలేదు. లెక్కలు పోయిన పిమ్మట చేతిలో నగదు లేక సామాన్యులే చిక్కులపాలగుదురు. సంస్థవారు కాగితములనుండి పద్దులను మరల కూర్పసాగుదురు. ఆ కాగితములను రూపుమాపుటకై డార్క్ ఆర్మీ అను ముఠా 71 భవనములను పేల్చివేయగా వేలకొలది జనులు మరణింతురు. తుదకు ఎలియట్ తానే ఆ లెక్కలు మరల తెఱచుకొనుటకు వీలు కల్పించును. చూచునప్పుడు మనసు చివుక్కుమన్నను, అందు సత్యము కలదు.

మన యప్పులు ఏ యొక్క యంత్రమునందును లేవు. కొంత బ్యాంకులో, కొంత పురుగుమందుల వ్యాపారి పుస్తకములో, కొంత ప్రోనోటులలో నుండును. 2014 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు 1.5 లక్షల రూపాయల వఱకు వ్యవసాయ ఋణములను మాఫీ చేయబూనినది. అది బ్యాంకులు, సహకార సంఘముల యప్పులకే వర్తించెను. వడ్డీవ్యాపారికి నోటు వ్రాసిన కౌలురైతు అప్పు కదలలేదు.

ఆ నాటకములో నాకు ప్రియమైనది ఎలియట్ చెల్లెలు డార్లీన్. అన్న మనస్సు చెదరినప్పుడు పని నిలిపినది ఆమె. చివరి భాగములలో ధనికముఠా సొమ్మును జనులకు పంచినదియు ఆమెయే. మన యింట అట్టి ధైర్యమునకు హ్యాకరు విద్య యక్కఱలేదు. ఎవరికెంత, ఏ వడ్డీకి, ఏ తేదీని వ్రాసినది ఇల్లాలికి తెలిసియుండిన చాలును. కొంత చెల్లించినప్పుడెల్ల ప్రోనోటు వెనుక చెల్లు వ్రాయించవలెను. మూడేండ్లకు నోటు తిరుగవ్రాయునప్పుడు వడ్డీ ఎంత అసలులో కలిసినదో చూడవలెను. క్రొత్తది వ్రాసిన క్షణముననే పాతదానిని చేత పుచ్చుకొనవలెను.

కావున సోదరీమణులారా, ప్రత్తి తీతలు ముగిసి చేతికి డబ్బు వచ్చుటకు ముందే పెట్టె తెఱచి ఆ కాగితములను చదువుడు.