తాతయ్య ఓటు

సినిమావాళ్ళకి రాజకీయాలెందుకండీ అనేవాళ్ళకి మా తాతయ్య కథ చెప్తుంటాను.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయారు. అక్కణ్ణుంచి రగిలిన ఉద్యమం ఎన్నికలే బూటకమంది. తాతయ్యా, ఆయన తమ్ముడూ ఆ మాట నమ్మి ఓటు మానేశారు. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించారు. ఉద్యమం చల్లారింది. అన్నదమ్ములు మాత్రం పోలింగు బూతు గుమ్మం తొక్కలేదు.

1982 మార్చిలో రామారావుగారు పార్టీ పెట్టారు. 1983 జనవరిలో తాతయ్య వెళ్ళి ఓటేసొచ్చాడు. "కృష్ణుడి వేసం సూసి అమ్ముడుపోనావు" అని చిన్నతాత మాటలు మానేశాడట. టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద ఆ కృష్ణుణ్ణి ఇద్దరూ కలిసి చూసినవాళ్ళే! 1984 ఎన్నికల్లో ఆ పార్టీ 30 సీట్లతో లోక్‌సభలో కాంగ్రెసు తర్వాతి పెద్ద పార్టీ అయింది.

"వేషం చూసేనా తాతా?" అనడిగాను ఓసారి.

"కాదురా. అన్నేళ్ళు ఓటెయ్యకపోతే ఏటైనాది? రోడ్డూ రానేదు, అడిగినోడూ నేడు. ఓటుంటే ఐదేళ్ళకోపాలైనా గుమ్మంలోకొచ్చి దండమెడతాడు."

చిన్నతాత పాడె తాతయ్యే మోశాడు. మాటలు మాత్రం కలవలేదు.

2024లో బటన్ నొక్కేటప్పుడు ఇద్దరూ గుర్తొచ్చారు. నొక్కాను. దండం పెట్టినాయన మళ్ళీ మా గుమ్మంలోకి ఎప్పుడొస్తాడా అని చూస్తున్నాను.