మా తమ్ముడు ఐటీఐ సారు అయ్యాడు

ఈ రోజు పత్తి గురించి, ధరల గురించి రాయడం లేదు. ఇంట్లో ఐటీఐ చదివిన పిల్లలున్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడు డీజిల్ మెకానిక్‌లో ఐటీఐ చేశాడు. పదకొండేళ్ళు మండలంలో రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు బాగుచేశాడు. ఒక రాత్రి అన్నం తింటూ, "అన్నా, నేను ఐటీఐలో పాఠాలు చెప్తా" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. "గ్రీజు చేతులతో పంతులు పనేంట్రా, బీఈడీ చేశావా?" అని మరదలి ముందే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్నే గుచ్చుతుంది.

ఎందుకంటే ఐటీఐలో పని నేర్పడానికి బీఈడీతో పని లేదు. దానికి వేరే దారుంది. క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ అంటారు, పొట్టిగా సీఐటీఎస్. ఏడాది కోర్సు. హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్న జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ లాంటి చోట్ల నేర్పుతారు. డిగ్రీ, డిప్లొమా వాళ్ళే కాదు, మనవాడిలాంటి ఐటీఐ సర్టిఫికెట్ వాళ్ళూ చేరొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ఆ సర్టిఫికెట్‌తో పాటు పని అనుభవం చూస్తారు: డిగ్రీకి 1 ఏడాది, డిప్లొమాకి 2, ఐటీఐ వాళ్ళకి 3. మావాడికి పదకొండు! నేను ఎగతాళి చేసిన గ్రీజు చేతులే అక్కడ వాడి అర్హత.

(బీటెక్ చేసి బళ్ళో పంతులు కావాలనుకునేవాళ్ళది ఇంకో దారి. 55 శాతం మార్కులుంటే వాళ్ళకీ బీఈడీలో చేరే వీలుంది. కాకపోతే అది రెండేళ్ళు, ఆ పైన టెట్. మా పక్కింటి అమ్మాయి అటు వెళ్ళింది.)

అసలు కష్టం సర్టిఫికెట్ కాదండీ, ఆ ఏడాది. షెడ్డు మూస్తే గిరాకీ పక్క ఊరి మెకానిక్‌కి పోతుంది. పోయింది కూడా. షెడ్డు అప్పు కిస్తీలు ఆగవు. మరదలు కుట్టుమిషన్ మీద ఇల్లు నెట్టింది. రెండు కిస్తీలు నేను కట్టాను, అది గొప్పగా చెప్పడం లేదు, ఆ మాట అన్నందుకు కట్టాను.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక విచిత్రం చూశాను. కోర్సులో శిక్షణా పద్ధతులని ఒక పేపరుంది. పాఠం ముందే రాసుకోవాలి, చేసి చూపించాలి, తర్వాత పిల్లాడితో చేయించి చూడాలి. వాడు నన్ను ట్రాక్టరు దగ్గర నిలబెట్టి, డీజిల్ అయిపోయి లైన్లో గాలి చేరితే ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో కళ్ళు మూసుకుని చేసే పని అది. కానీ చెప్పలేకపోయాడు! "ఇదిగో ఇలా... ఇది తిప్పి..." అంటూ తనే తిప్పేస్తున్నాడు. నేను "ఏది తిప్పావు? ఎందుకు?" అనేసరికి చెమటలు పట్టాయి.

నాలుగోసారికి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఫిల్టరు మీద స్క్రూ నాతోనే వదులు చేయించాడు. పంపు నాతోనే కొట్టించాడు. నురగ పోయి డీజిల్ నిండుగా కారేదాకా ఆగమని, అప్పుడు బిగించమన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి ట్రాక్టరు తోలుతున్నా, గాలి ఎక్కడ ఇరుక్కుంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు ఒక ప్రైవేటు ఐటీఐలో కాంట్రాక్టు మీద చెప్తున్నాడు. జీతం షెడ్డు సంపాదన కంటే తక్కువే, దాచేదేముంది. సర్టిఫికెట్ రాగానే సర్కారు కొలువు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆదివారాలు షెడ్డు తెరుస్తున్నాడు.

మొన్న దుక్కిలో బండి ఆగిపోయింది. ఫోన్ చేసి రమ్మన్నాను. రాలేదు. "స్పానర్ తీసుకో అన్నా, నేను లైన్లోనే ఉంటా" అన్నాడు.