మా అటక మీది గబ్బిలాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు అన్నదమ్ములం ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పాత సంచికలు తిరగేస్తే చదువు విలువ మీద, క్రమశిక్షణ మీద, అమ్మ ప్రేమ మీద మాకంటే బాగా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాం. ఇందులో మా గొప్పేమీ లేదు, తప్పే ఎక్కువ.

మేమిద్దరం ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్ళమే. మాలో పెద్దవాడు జువాలజీలో ఎం.ఎస్సీ., చిన్నవాడు ఇంటర్ పూర్తిచేశాడు. మా ఊరు జగ్గయ్యపేట మండలం గరికపాడు. హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చే బస్సుకు తెలంగాణ దాటాక తగిలే చెక్‌పోస్టు మా ఊరిదే. మొన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా.

మాది తాతయ్య కట్టిన గూన పెంకుల ఇల్లు. దూలాల మీద చెక్కలు పరిచి అటక చేశారు. వాడనివన్నీ అక్కడికే చేరతాయి. పాత సంచులు, అడుగు పోయిన కాగు, వాటి పక్కన మా ఇద్దరి హాస్టల్ ట్రంకు పెట్టెలు. పెట్టెల నిండా టెన్త్ నుంచి డిగ్రీ దాకా చదివిన పుస్తకాలు.

2024 ఏప్రిల్‌లో అక్క పురిటికి వచ్చి ఉంది. బాబు పుట్టాడు. దూలానికి చీర ఉయ్యాల కట్టాం. ఒకరోజు పొద్దున్నే ఉయ్యాలలో నల్లజీలకర్ర లాంటి గింజలు కనిపించాయి. అమ్మ ఎలుక పెంటికలు అనుకుంది. వేళ్ళతో నలిపితే పొడి అయిపోయి, అందులో పురుగుల రెక్కల ముక్కలు తళతళమన్నాయి. ఎలుకది అలా పొడి కాదు. నిచ్చెన వేసుకుని పైకి వెళ్ళి చూస్తే పెట్టెల మీద బెత్తెడు మందాన రెట్ట పేరుకుని ఉంది. ఆ వాసన చెప్పనక్కరలేదు, పాత గుళ్ళలో ఉండే వాసనే. వాసాల సందుల్లో పిడికెడంత కూడా లేని గబ్బిలాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వేలాడుతున్నాయి.

ఈ సంగతి గంటలో వీధంతా పాకింది. గబ్బిలం చేరిన ఇల్లు పాడుబడుద్దని ఒక పెద్దమ్మ చెప్పింది. కరోనా వీటివల్లే వచ్చిందని ఇంకొకరు, కేరళలో మనుషులు చచ్చిపోయిన జబ్బు కూడా వీటిదేనని మరొకరు. 2018లో కోజికోడ్ వైపు వచ్చిన నిపా సంగతి అది. దానికి మూలం పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. మా అటక మీదివి దోమల్ని, పురుగుల్ని తినే చిన్నవి. ఆ మాట చెబితే వినేవారెవరు? అసలు మేమే గట్టిగా చెప్పలేదు, మాకూ భయంగానే ఉంది.

"చదువుకున్నోళ్ళు, మీరే ఏదో ఒకటి చూడండి నాయనా" అంది అమ్మ. డిగ్రీ అనేది మా ఇంట్లోకి వచ్చింది మాతోనే. అందుకని కరెంటు బిల్లు తప్పు పడినా, మోటారు ఆగినా, రేషన్ కార్డులో పేరు మారినా మా దగ్గరికే వస్తారు. గబ్బిలాలూ అలాగే వచ్చాయి.

మేము చేసింది మాత్రం చదువుకున్నవాళ్ళు చేసే పని కాదు. అక్కనీ బాబునీ పక్కింటికి పంపి, పాత బకెట్లో నిప్పులు పోసి, వేపాకు, కొబ్బరి పీచు, గుప్పెడు ఎండు మిరపకాయలు వేసి మిట్టమధ్యాహ్నం అటక మీద పెట్టాం. పది నిమిషాల్లో చూరు కింద నుంచి గబ్బిలాలు ఎండలోకి ఎగిరాయి. చూపు ఆనక గోడలకు కొట్టుకున్నాయి. కాకులు అప్పటికే పెంకుల మీద కూర్చుని ఉన్నాయి.

తర్వాత అటక చెక్కల సందుల్లోంచి పిల్లలు రాలాయి. వెంట్రుకలు లేని, గులాబి రంగు పిల్లలు, బొటనవేలంత. ఐదు పడ్డాయి. పైన ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. మాలో చిన్నవాడు ఒక పెద్ద గబ్బిలాన్ని నీడలో పెడదామని ఉత్త చేత్తో ఎత్తాడు. అది వేలు కొరికింది. సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కుక్క కరిస్తే వేసే సూదులే విడతలవారీగా వేశారు. గబ్బిలాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదని జువాలజీ చదివిన అన్న ముందే చెప్పి ఉండాల్సింది.

సాయంత్రం తాతయ్య పొలం నుంచి వచ్చి వాకిట్లో పడి ఉన్న పిల్లల్ని చూశాడు. తాతయ్యకు అక్షరం రాదు. 'గబ్బిలం' పద్యాలు నాలుగైదు మాత్రం నోటికి వచ్చు. చిన్నతనంలో ఎవరో పాడగా విని పట్టుకున్నాడు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన ఆ కావ్యం గురించి మన హాస్టల్ విద్యార్థులకు వేరే చెప్పాలా! గుడి గడప తొక్కనివ్వని మనిషి, గుళ్ళో వేలాడే గబ్బిలంతో శివుడికి తన బాధ చెప్పి పంపుతాడు. మాలో పెద్దవాడు ఆ పద్యాల్ని పరీక్ష కోసం చదివి మార్కులు తెచ్చుకున్నాడు.

"ఏరా, పొగెట్టి తోలారా? జాషువాగారు దేవుడి కాడికి కబురంపింది దీంతోనేరా" అన్నాడు తాతయ్య. ఇంకేమీ తిట్టలేదు. పార తీసుకుని ఆ ఐదింటినీ వేపచెట్టు కింద పూడ్చాడు. ఆ రాత్రి తల్లి గబ్బిలాలు చూరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. మేము నిద్రపోలేదు.

ఇంతా చేస్తే మూడో రోజుకు అటక మీద మళ్ళీ కిచకిచలు. పొగ ఆరిపోగానే ఇంకో సందులోంచి వచ్చేశాయి.

అప్పుడు పుస్తకాలు తీశాం. యూనివర్సిటీ లైబ్రరీలో చదివినదీ, మేడం గారిని అడిగి తెలుసుకున్నదీ కలిపితే తేలింది ఇది. గబ్బిలం గోడకు కన్నం పెట్టదు, ఉన్న సందులోనే దూరుతుంది. దానికి బొటనవేలు పట్టే సందు చాలు. దాన్ని చంపనక్కరలేదు, తరమనక్కరలేదు. బయటికి పోయే దారి ఉంచి, లోపలికి వచ్చే దారి లేకుండా చేస్తే సరి. కాకపోతే పిల్లలు ఉన్నప్పుడు ఆ పని చేయకూడదు. తల్లి బయట, పిల్ల లోపల ఉండిపోతే అది ఆకలితో చస్తుంది, ఇల్లు కంపు కొడుతుంది. పిల్లలు ఎగిరేదాకా ఆగాలి.

చదువుతుంటే ఇంకో సంగతి కనపడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి చీడ జంతువులంటూ ఐదో షెడ్యూలులో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితానే తీసేశారు. షెడ్యూలు అన్న మాట చూసి ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

ఆగడం అన్నది తేలిక కాలేదు. "ఇంకా ఉంచారా?" అని అడగని మనిషి లేడు. ఉయ్యాల వసారాలోకి మార్చాం. అటక కింద టార్పాలిన్ పట్టా కట్టాం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, రెట్టను నీళ్ళతో తడిపి ఎత్తిపోశాం. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తులకు చేటు. ట్రంకు పెట్టెలు తెరిస్తే పుస్తకాలు చెక్కుచెదరలేదు, రేకు పెట్టె కాబట్టి.

ఆగస్టు చివర్లో వల కడదామనుకుంటున్నాం, ఇంతలో ఆ వాన. ఆగస్టు 31న మొదలై మర్నాటికి పాలేరు పొంగి, మా ఊరి దగ్గర హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. లారీలు బారులు తీరాయి. మా పెంకులు నాలుగు చోట్ల కారాయి, గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం. ఆ రెండు రాత్రులూ గబ్బిలాలు బయటికి పోలేదు, మేమూ పోలేదు. పైన చప్పుడు వినపడినప్పుడల్లా తాతయ్య తల ఎత్తి "ఉన్నయ్‌లే" అనేవాడు.

అక్టోబరులో వారం రోజులు దీపాలు పెట్టే వేళకు ఇంటికి తలో వైపున కూర్చుని చూశాం. అన్నీ రెండే సందుల్లోంచి వస్తున్నాయి. ఒకటి నడికొప్పు చివర, ఒకటి పడమటి గోడ తలకీ వాసానికీ మధ్య. ఒకరాత్రి 43, మర్నాడు 41. టార్చి వేసి అటకంతా వెతికితే పిల్లలు లేవు. మిగతా సందులన్నీ సున్నం, ఇసుక కలిపి పూడ్చాం. ఆ రెండింటి మీద మిరప నారుమడికి వాడిన షేడ్‌నెట్ ముక్కలు వేలాడదీశాం. పైనా పక్కలా మేకులు కొట్టి, కింద రెండడుగులు వదులుగా వదిలేశాం. గబ్బిలం గోడ వెంట పాకుతూ దిగి కింది నుంచి ఎగిరిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు తన పాత సందు దగ్గరే వల మీద వాలుతుంది తప్ప, కింద నుంచి పైకి పాకి రావాలని దానికి తోచదు.

మొదటి రాత్రి 40 దాకా దిగాయి. రెండో రాత్రి మూడు. నాలుగో రాత్రి నుంచి ఏమీ లేవు. వాన లేని వారం చూసుకుని మొత్తం ఎనిమిది రోజులు ఉంచి వల తీసేశాం, ఆ సందులూ మూసేశాం. ఖర్చు మేకులకూ సున్నానికే. అక్క అత్తారింటి నుంచి బాబును తీసుకువచ్చినప్పుడు ఉయ్యాల మళ్ళీ దూలానికి కట్టాం.

ఇప్పుడు సాయంత్రం పూట పాలేరు వైపు తాళ్ళ మీదుగా చిన్న గబ్బిలాలు తిరుగుతుంటాయి. అవి మావో కావో తెలియదు. మాలో చిన్నవాడు పాత మంచం చెక్కలతో అడుగున సన్నటి సందు ఉంచి ఒక పెట్టె చేశాడు. దాన్ని వేపచెట్టుకు ఎత్తుగా కట్టాడు. ఇంతవరకు ఒక్కటీ రాలేదు. తాతయ్య మాత్రం పొద్దుగూకగానే మంచం ఆ చెట్టు వైపు తిప్పుకుని కూర్చుంటున్నాడు.