బాణమంత దూరం

మేం నల్లమల చెంచు పెంటల పిల్లలం. బీట్ ఆఫీసర్ పరీక్ష కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని చదువుతున్నాం. ఒకరోజు క్లాసులో తూటా వేగం లెక్క వచ్చింది. "వేట సంగతి మీకే తెలియాలి" అన్నారు సారు మావైపు చూసి. అందరూ నవ్వారు. మేం తల దించుకున్నాం.

గదికొచ్చాక ఆ లెక్క మళ్లీ చేశాం. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా 1963లో అమెరికాలో వచ్చింది. దాని ఇత్తడి గొట్టంలో మందు ఎక్కువ పడుతుంది. గుండు సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. శబ్దం వేగం 340 మీటర్లే. 300 మీటర్ల దూరాన ఉన్న జింకకు చప్పుడు వినపడకముందే గుండు తగులుతుంది.

మా తాతలు విల్లు పట్టుకుని జింక దగ్గరిదాకా పోవాలి. గాలి ఎటు వీస్తోందో, అడుగుజాడ ఎప్పటిదో, జంతువు సూడిదో కాదో తెలియాలి. చాలాసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చేవారు.

ఆదివారం ఎల్‌బీ నగర్ దాటి వనస్థలిపురం జింకల పార్కుకు పోయాం. ఒకప్పుడు అది నిజాం వేట మైదానం. ఇప్పుడు కృష్ణజింకలు భయం లేకుండా మేస్తున్నాయి. 1972 చట్టం వేటను ఆపింది, మంచిదే. కానీ నిజాం వేటను షికారు అని గొప్పగా చెప్పుకుంటారు, మా తాతల వేట మాటొస్తే నవ్వుతారు.

ఉద్యోగమొస్తే మా చేతిలో విల్లుండదు. జాడ చదివే విద్య ఉండాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పెద్దలు ఉండగానే అడిగి నేర్చుకోండి. సార్లూ, తూటా లెక్క చెప్పేటప్పుడు బాణం దూరం కూడా చెప్పండి.