తాపీ ఒడ్డున ఆడపిల్లల బడి

సూరత్‌లో ఖటోదరా ఫ్యాక్టరీ షెడ్లు దాటి అఠ్వా వైపు వెళ్తుంటే తాపీ నది దగ్గరపడుతుంది, ట్రాఫిక్ మాత్రం తగ్గదు. వనితా విశ్రామ్ అనే ఆడపిల్లల బడి ఆ వైపే. బడి వదిలే వేళ గేటు ముందు ఆటోలు, స్కూటీల మీద అమ్మలు, అరుపులు, కేకలు!

దీన్ని 1907లో మొదలుపెట్టింది బాజీగౌరీ మున్షీ, శివగౌరీ గజ్జర్. ఇద్దరూ వితంతువులే. ఆ సంస్థ 2021లో గుజరాత్‌కి మొదటి మహిళా విశ్వవిద్యాలయాన్ని ఇచ్చింది.

మన వీరేశలింగం గారు అంతకు చాలా ముందే, 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. అదీ ఏటి ఒడ్డే, గోదావరి. కాకపోతే అక్కడ ఆడవాళ్ల కష్టం చూసి ఒక మగాయన పూనుకున్నాడు. ఇక్కడ ఆ కష్టం పడ్డవాళ్లే పూనుకున్నారు. నాకు ఈ రెండోది ఇంకాస్త ఎక్కువ నచ్చుతుంది.

పొట్టకూటికి ఇక్కడికొచ్చిన మన నేతవాళ్ల పిల్లల కోసం సూరత్ మునిసిపల్ బళ్లలో తెలుగు మీడియం కూడా ఉంది. అయినా "ఆడపిల్లకి ఇంత చదువెందుకురా" అనే పెదనాన్నలు మనలో ఇంకా ఉన్నారు. ఈ పోస్టు వాళ్లని ట్యాగ్ చేయడానికే రాశాను. కానివ్వండి!